నో ఆబ్లెస్: స్పానిష్‌లో "వద్దు" అనడం పట్టుబడిన తీరు, నా అనుభవం

స్పానిష్‌లో "మాట్లాడు" అంటే "ఆబ్ల". కాదు, లేదు, వద్దు అనే మన మూడు మాటలకూ అక్కడ ఉన్నది ఒకటే, "నో". ఈ రెండూ తెలిసినవాళ్ళకు "మాట్లాడకు" అనాల్సి వస్తే నోటికి తోచేది "నో ఆబ్ల". నేనూ చాలాకాలం అలాగే అన్నాను. అది తప్పు, పైగా వెంటనే బయటపడని తప్పు. "నో ఆబ్ల" అర్థంలేని మాటైతే ఎవరైనా దిద్దేవారు. కానీ అది "ఆయన మాట్లాడడు" అనే నిక్షేపమైన వాక్యం. "తలుపు తియ్యకు" అనబోయి "నో ఆబ్రె ల ప్వేర్త" అంటే, "అతను తలుపు తియ్యడు" అని వినిపిస్తుంది. ఎవరి గురించి చెబుతున్నామో తెలియక మొహం చూస్తారు. సరైన మాటలు "నో ఆబ్లెస్", "నో ఆబ్రస్". చివర ఒక అచ్చు మారింది, ఒక "స్" చేరింది. ఆ కాస్త తేడాను పట్టుకోవడానికి ఏ వరుసలో వెళ్తే సులువైందో, ఎక్కడెక్కడ కాలు జారుతుందో రాస్తున్నాను.

ముందు ఉచ్చారణ గురించి నాలుగు ముక్కలు. స్పానిష్ అచ్చులు ఐదే: అ, ఎ, ఇ, ఒ, ఉ. హ్రస్వదీర్ఘాల భేదం లేదు. కానీ మాటలో ఒక అక్షరం మీద ఊనిక పడుతుంది, మన చెవికి అది దీర్ఘంలా వినిపిస్తుంది. అందుకని ఊనిక ఉన్నచోట దీర్ఘం రాస్తున్నాను. రాతలో ఉండే హెచ్ పలకదు. వి, బి రెండూ "బ". త, ద మన తెలుగువే, ఇంగ్లీషు ట, డ కావు. మాట చివరి అచ్చును మాత్రం నలపకుండా విడిగా పలకాలి. నిషేధమంతా ఆ చివరి అ-ఎ ల మీదే నిలబడి ఉంది. తొందరలో రెంటికీ మధ్యస్థంగా పలికితే "నో ఆబ్లస్" (నువ్వు మాట్లాడవు), "నో ఆబ్లెస్" (మాట్లాడకు) ఒకటైపోతాయి.

నాకు మొదటి మెట్టు స్పానిష్‌లో కాదు, తెలుగులోనే దొరికింది. మనం "చెయ్యి" అనే మాటకు "వద్దు" తగిలించి "వద్దు చెయ్యి" అనం. "చెయ్యకు" అంటాం. "రా" కు నిషేధం "రాకు", "తే" కు "తేకు", "ఇవ్వు" కు "ఇవ్వకు". బడిలో చదివిన విధ్యర్థకం వేరు, నిషేధార్థకం వేరు. తెలుగు కొత్తగా నేర్చుకునేవారు "వద్దు రా" అంటే మన చెవికి ఎలా ఉంటుందో, "నో బేన్" ("బేన్" అంటే రా) అన్నప్పుడు స్పానిష్ వారి చెవికి అలాగే ఉంటుంది. ఈ సంగతి మనసుకు ఎక్కాక "అవును" రూపాన్ని పట్టుకుని "వద్దు" రూపం తయారు చేయాలన్న ఆలోచనే మానేశాను. ఆ దారిలో వెళ్తే ప్రతి మలుపులోనూ మినహాయింపే ఎదురవుతుంది.

ఇక అసలు తయారీ. నేను చూసిన పాఠాల్లో ఎక్కువ భాగం "నువ్వు" రూపంతో మొదలుపెడతాయి. "మీరు" తో, అంటే "ఉస్తేద్" తో మొదలుపెట్టడమే తెలుగువారికి మేలని నా గట్టి అభిప్రాయం. మనకు మర్యాద ఎలాగూ అలవాటే. అంతకన్నా పెద్ద కారణం, "మీరు" విషయంలో అవునుకీ వద్దుకీ రూపం ఒకటే. "ఆబ్రె" అంటే నువ్వు తెరువు. "ఆబ్ర" అంటే తెరవండి, "నో ఆబ్ర" అంటే తెరవకండి. ఇక్కడ "నో" తగిలిస్తే చాలు, పని అయిపోతుంది.

ఆ "మీరు" రూపం ఎలా వస్తుందంటే, వర్తమానంలో "నేను" కు వచ్చే రూపం తీసుకోవాలి. చివరి "ఒ" తీసెయ్యాలి. ఆ చోట తారుమారు అచ్చు పెట్టాలి. మూలరూపం "ఆర్" తో ముగిసే క్రియలకు సహజమైన అచ్చు "అ", కాబట్టి వాటికి "ఎ". "ఏర్", "ఈర్" తో ముగిసేవాటికి "అ". ఆబ్లొ (మాట్లాడతాను) నుంచి ఆబ్లె. కోమొ (తింటాను) నుంచి కోమ. ఎస్క్రీబొ (రాస్తాను) నుంచి ఎస్క్రీబ. ఇది "మీరు". దీనికి "స్" చేర్చితే "నువ్వు": నో ఆబ్లెస్, నో కోమస్, నో ఎస్క్రీబస్. "న్" చేర్చితే బహువచనం: నో ఆబ్లెన్, నో కోమన్, నో ఎస్క్రీబన్. మొత్తం యంత్రం ఇంతే. ఒక మొదలు, మూడు చివరలు: ఏమీ లేకపోవడం, స్, న్.

"నేను" రూపాన్నే ఎందుకు పట్టుకోవాలో గట్టి క్రియల దగ్గర తెలుస్తుంది. తెనేర్ (కలిగి ఉండడం) కు "నేను" రూపం తేంగొ, దాన్నుంచి నో తేంగస్. పొనేర్ (పెట్టడం) కు పోంగొ, నో పోంగస్. సలీర్ (బయటికి వెళ్ళడం) కు సాల్గొ, నో సాల్గస్. బెనీర్ (రావడం) కు బేంగొ, నో బేంగస్. దెసీర్ (చెప్పడం) కు దీగొ, నో దీగస్. అసేర్ (చేయడం) కు ఆగొ, నో ఆగస్. త్రఏర్ (తేవడం) కు త్రాయ్గొ, నో త్రాయ్గస్. ఇవన్నీ వ్యాకరణ పుస్తకాల్లో అక్రమ క్రియలు. కానీ నిషేధానికి వచ్చేసరికి ఇవి సూత్రానికి ఒదిగిపోతాయి. అక్రమంగా ఉన్నవి వాటి "అవును" రూపాలు: తేన్, పోన్, సాల్, బేన్, దీ, ఆస్. అందుకే "నో తేన్ మ్యేదొ", "నో ఆస్ ఏసొ" అన్న తప్పులు అంత తరచుగా దొర్లుతాయి. "భయపడకు" అంటే నో తేంగస్ మ్యేదొ. "అది చెయ్యకు" అంటే నో ఆగస్ ఏసొ. ఈ చివరిది గుర్తుంచుకోవడం మనకు తేలిక, "ఆగస్" లో మన "ఆగు" వినిపిస్తుంది. అది కాకతాళీయమే, కానీ నాలుక మీద నిలిచింది.

సూత్రానికి లొంగనివి ఆరు. వాటిని విడిగా బట్టీ పట్టాల్సిన పనిలేదు, పోల్చుకోవచ్చు. వాటి "నేను" రూపం "ఒ" తో ముగియదు. దార్ (ఇవ్వడం) కు దోయ్, ఎస్తార్ (ఉండడం) కు ఎస్తోయ్, ఈర్ (వెళ్ళడం) కు బోయ్, సేర్ (అయి ఉండడం) కు సోయ్, సబేర్ (తెలియడం) కు సే, సహాయక క్రియ అబేర్ కు ఏ. తీయడానికి చివర "ఒ" లేదు, కాబట్టి సూత్రం పనిచెయ్యదు. వీటి నిషేధాలు వరుసగా నో దేస్, నో ఎస్తేస్, నో బాయస్, నో సేఅస్, నో సేపస్, నో ఆయస్. నిజానికి రోజువారీ మాటల్లో పనికొచ్చేవి మొదటి నాలుగే. సబేర్, అబేర్ లతో ఆజ్ఞలు దాదాపు వినిపించవు, ఆ రూపాలు వేరే వాక్యాల్లో అక్కరకొస్తాయి. "నో ఎస్తేస్" లో ఊనిక రెండో అక్షరం మీద పడాలి, రాతలో ఆ అక్షరం మీద గుర్తు కూడా పెడతారు. "దార్" కు "మీరు" రూపం "దే". దాని మీదా గుర్తు ఉంటుంది, ఎందుకంటే గుర్తు లేని "దె" కు "యొక్క, నుంచి" అని వేరే అర్థం.

"నేను" రూపం నుంచి నిషేధం ఎందుకు పుట్టాలని నన్ను చాలా రోజులు ఒక సందేహం తొలిచింది. జవాబు ఇది. అర్జెంటీనా తరహా "నువ్వు" ను పక్కన పెడితే, స్పానిష్‌లో అచ్చమైన ఆజ్ఞారూపాలు రెండే మిగిలాయి. "నువ్వు" కు ఆబ్ల, స్పెయిన్‌లో చనువున్న బహువచనానికి అబ్లాద్. రెండూ "అవును" కే పనికొస్తాయి. మిగతా ఆజ్ఞలన్నీ, నిషేధాలన్నీ సబ్జంక్టివ్ దగ్గర అరువు తెచ్చుకున్నవి. జరిగినదాన్ని చెప్పడానికి కాక, కావాలనుకున్నదాన్ని చెప్పడానికి వాడే రూపం అది. "క్యేరొ కె నో ఆబ్లెస్" అంటే నువ్వు మాట్లాడకూడదని నా కోరిక. అందులోంచి "క్యేరొ కె" తీసేస్తే మిగిలేది "నో ఆబ్లెస్". అంటే నిషేధం నేర్చుకున్నవారు సబ్జంక్టివ్ వర్తమానం కూడా చాలావరకు నేర్చుకున్నట్టే. ఈ పాఠానికి ఎన్ని రోజులు పట్టినా నష్టం లేదనడానికి కారణం ఇదే.

మధ్యలో అచ్చు విరిగే క్రియలు తర్వాత వస్తాయి. పెన్సార్ (ఆలోచించడం) కు ప్యేన్సొ, నో ప్యేన్సెస్. బొల్బేర్ (తిరిగి రావడం) కు బ్వేల్బొ, నో బ్వేల్బస్. పెదీర్ (అడగడం) కు పీదొ, నో పీదస్. మెంతీర్ (అబద్ధమాడడం) కు మ్యేంతొ, నో మ్యేంతస్. "నేను" రూపంలో మార్పు ముందే జరిగిపోయింది కనుక మనం అదనంగా చేసేదేమీ లేదు. "మనం ... వద్దు" అనేటప్పుడే జాగ్రత్త కావాలి. ఆర్, ఏర్ క్రియల్లో అచ్చు మళ్ళీ మామూలైపోతుంది: నో పెన్సేమొస్, నో బొల్బామొస్. ఈర్ క్రియల్లో సగం మార్పు మిగులుతుంది: దొర్మీర్ (నిద్రపోవడం) కు నో దుర్మామొస్, పెదీర్ కు నో పిదామొస్.

పలకడం వచ్చినా రాతలో తప్పు పోయే చోటు ఒకటుంది. తొకార్ (తాకడం) నుంచి "తాకకు" అంటే నో తోకెస్. పలికితే ఇబ్బందే లేదు. రాసేటప్పుడు సి అక్షరం పక్కన ఇ వస్తే అది "సె" అయిపోతుంది, "క" ధ్వని పోతుంది. దాన్ని నిలబెట్టడానికి సి బదులు క్యూ, యు రాస్తారు. అలాగే పగార్ (డబ్బు చెల్లించడం), యెగార్ (చేరుకోవడం) లాంటివాటిలో జి తర్వాత యు చేర్చాలి, లేకపోతే "గె" పోయి "హె" అవుతుంది: నో పాగెస్, నో యేగెస్ తార్దె (ఆలస్యంగా రాకు). క్రుసార్ (దాటడం) లాంటివాటిలో జెడ్ పోయి సి వస్తుంది: నో క్రూసెస్. అక్షరం మారేది ధ్వని మారకుండా ఉండడం కోసమే. మన లిపిలో ఈ బాధ లేదు, క కి ఏ గుణింతం పెట్టినా కకారమే. అందుకని నేను ముందు తెలుగు లిపిలో రూపం రాసుకుని, నోటికి వచ్చాకే స్పానిష్ రాత చూసుకునేవాణ్ణి. ఈ క్రమం తిరగేస్తే రాత చూసి "నో పాగుఎస్" అని పలకడం అలవాటవుతుంది. ఆ "యు" పలకదు.

ఇక్కడే ఒక హెచ్చరిక. "తీసుకోకు" అనడానికి స్పెయిన్‌లో కొహేర్ అనే క్రియ మామూలుగా వాడతారు, నో కోహస్ అంటారు. మెక్సికో, అర్జెంటీనాల్లో అది బూతు. అక్కడివారితో మాట్లాడేటప్పుడు తొమార్ లేదా అగర్రార్ వాడాలి: నో తోమెస్, నో అగార్రెస్.

అసలు కష్టం నాకు సర్వనామాల దగ్గర వచ్చింది. "అవును" ఆజ్ఞలో నాకు, నిన్ను, దాన్ని అనే చిన్న మాటలు క్రియ వెనక అతుక్కుంటాయి, ఒకే మాటగా రాస్తారు. "నాకు అది చెప్పు" అంటే దీమెలొ. నిషేధంలో అవన్నీ ఊడి క్రియ ముందుకు వచ్చి, విడివిడిగా నిలబడతాయి: నో మె లొ దీగస్. వరుస ఎప్పుడూ ఒకటే. ముందు "నో", తర్వాత ఎవరికి, తర్వాత దేన్ని, చివర క్రియ. "నో" కీ క్రియకీ మధ్య ఈ చిన్న మాటలు తప్ప ఇంకేదీ దూరకూడదు. "అతనికి" అనే "లె", "దాన్ని" అనే "లొ" పక్కపక్కన రావు, "లె" అప్పుడు "సె" అవుతుంది. అతనికి అది ఇవ్వకు: నో సె లొ దేస్. ఇవ్వకండి: నో సె లొ దే. స్పెయిన్‌లో ఫోనెత్తి "దీగమె" (చెప్పండి) అంటారు. ఆ మాట చెవిలో ఉండిపోయి "నో దీగమె" అనేస్తాం. నో మె దీగ అనాలి. "నువ్వు" రూపంలో "నో మె దీగస్" అంటే "నాకు చెప్పకు" అనే కాదు, ఆశ్చర్యపడుతూ మనం అనే "అవునా!" కూడా. గొంతును బట్టి పోల్చుకోవాలి.

ఈ చిన్న మాటల్లో "తె" (మీరు అయితే "సె") మరీ జారుడు. దీన్ని చాలామంది "తనను తాను" అని నేర్పుతారు. కొన్ని క్రియలకు ఆ అర్థం కుదురుతుంది, చాలావాటికి కుదరదు. నాకు దారి చూపింది మన "పో", "వెయ్" లు. నో బాయస్ అంటే (అక్కడికి) వెళ్ళకు. నో తె బాయస్ అంటే వెళ్ళిపోకు. నో ద్వేర్మస్ అంటే పడుకోకు, నో తె ద్వేర్మస్ అంటే నిద్రలోకి జారిపోకు. పడిపోకు: నో తె కాయ్గస్. చచ్చిపోకు: నో తె మ్వేరస్. నో లొ కోమస్ అంటే అది తినకు, నో తె లొ కోమస్ అంటే అది తినెయ్యకు, అంతా ఊడ్చెయ్యకు. ప్రతి క్రియకూ ఈ పోలిక వర్తించదు. "నో తె ప్రెఒకూపెస్" (కంగారు పడకు) లో పో, వెయ్ ఏమీ లేవు. కానీ పని పూర్తయిపోవడం, చెయ్యిజారిపోవడం వినిపించే చోట మన చెవి సరిగ్గానే చెబుతుంది.

ఒక జంటను మాత్రం నేను కాగితం మీద గీత గీసి విడదీసుకోవాల్సి వచ్చింది. సెంతార్సె అంటే కూర్చోవడం, సెంతీర్సె అంటే (బాగా, బాధగా) అనిపించడం. మొదటిది ఆర్, రెండోది ఈర్. అచ్చు తారుమారయ్యేసరికి రెండూ ఒకదాని చొక్కా ఒకటి వేసుకుంటాయి. నో తె స్యేంతెస్ అంటే కూర్చోకు. కానీ "నో తె స్యేంతెస్ బ్యేన్" అని ఎవరైనా అంటే అది ఆజ్ఞ కాదు, నీకు ఒంట్లో బాగా లేదు అనే మాట. నో తె స్యేంతస్ మాల్ అంటే బాధపడకు. "నో తె స్యేంతస్ అకీ" మాత్రం నువ్విక్కడ కూర్చోవు అని. క్రెఆర్ (సృష్టించడం), క్రెఏర్ (నమ్మడం) లదీ ఇదే తంతు, నో క్రేఅస్ అంటే నమ్మకు. ఇలాంటి చోట రూపాన్ని బట్టి కాకుండా పక్కన ఉన్న మాటను బట్టి అర్థం తీసుకోవాలి. మాట్లాడేవారికి అనుమానమే రాదు, నేర్చుకునేవారికి మాత్రం రెండు మూడు రోజుల పని.

ఇక్కడి నుంచి దారి చల్లగా ఉంటుంది, ఎందుకంటే తెలుగు తోడొస్తుంది. "ఏమీ చెప్పకు" అన్నప్పుడు "ఏమీ" తో పాటు క్రియ కూడా నిషేధంలోనే ఉంటుంది. స్పానిష్‌లోనూ అంతే: నో దీగస్ నాద. ఎవరికీ చెప్పకు: నో సె లొ దీగస్ అ నాద్యె. ఇంగ్లీషు మీదుగా స్పానిష్ నేర్చుకునేవారికి ఇది రెండుసార్లు కాదన్నట్టు అనిపించి చేయి ఆగుతుంది. మనం ఇంగ్లీషును పక్కన పెట్టి నేరుగా తెలుగు నుంచి వెళ్ళాలి. "ఎప్పుడూ" ముందుకు వస్తే మాత్రం "నో" పోతుంది: నూంక దీగస్ ఏసొ (ఎప్పుడూ అలా అనకు). ఇంక ఏడవకు: యా నో యోరెస్. అప్పుడే వెళ్ళిపోకు: నో తె బాయస్ తొదబీఅ. మళ్ళీ చెయ్యకు: నో లొ బ్వేల్బస్ అ అసేర్. ఈ నాలుగైదు మాటలు చేరితే నిషేధం పుస్తకం మాటలా కాకుండా ఇంట్లో మాటలా వినిపిస్తుంది. "పడిపోతావు, జాగ్రత్త" అనడానికీ నిషేధమే వాడతారు: నో తె బాయస్ అ కఏర్.

బోర్డుల మీద రాసేది వేరు. మన బస్సుల్లో "పొగ త్రాగరాదు" అని ఉంటుంది, "త్రాగకు" అని ఉండదు, ఎదురుగా ఒక మనిషి లేడు కాబట్టి. స్పానిష్‌లో ఆ పని క్రియ మూలరూపం చేస్తుంది: నో ఫుమార్ (పొగ త్రాగరాదు), నో తొకార్ (తాకరాదు), నో పిసార్ ఎల్ సేస్పెద్ (పచ్చిక తొక్కరాదు). అందరికీ వర్తించే ఇలాంటి సూచనలకు అది సరైనదేనని స్పానిష్ భాషా అకాడమీ కూడా అంటుంది. మనిషికి చెప్పేటప్పుడు మాత్రం కుదరదు. బోర్డు చూసి నేర్చుకుని పక్కవారితో "నో తొకార్" అంటే పని జరుగుతుంది, కానీ భాష రానివారి మాటలా ఉంటుంది. వారితో అనాల్సింది "నో తోకె".

ఎవరితో ఏ రూపం అన్నది దేశాన్ని బట్టి మారుతుంది. లాటిన్ అమెరికాలో బహువచనం ఒకటే, "న్" రూపం. స్పెయిన్‌లో స్నేహితుల గుంపుకు వేరే రూపం ఉంది: నో అబ్లేయిస్, నో కొమాయిస్. ఇక్కడ ఊనిక చివరికి జరుగుతుంది. ఇన్‌స్తితూతొ సెర్బాంతెస్ జరిపే దేలె అనే స్పానిష్ భాషా పరీక్షకు వెళ్ళేవారు దాన్ని విని పోల్చుకోగలిగితే మంచిది. మాట్లాడేది లాటిన్ అమెరికావారితోనైతే దాన్ని తర్వాతికి వాయిదా వెయ్యవచ్చు. అర్జెంటీనాలో "నువ్వు" కు "బోస్" అంటారు, "మాట్లాడు" అబ్లా అవుతుంది. నిషేధంలో నో ఆబ్లెస్, నో అబ్లేస్ రెండూ వినిపిస్తాయి, మొదటిది నేర్చుకుంటే చాలు.

మర్యాద గురించి ఒక మాట. హైదరాబాద్‌లో కూర్చుని స్పానిష్ ఖాతాదారులతో మాట్లాడే ఉద్యోగాల్లో ఉన్నవారూ, టెక్సస్‌లో రోజూ మెక్సికోవారి పక్కన పనిచేసే మనవారూ "నో తె ప్రెఒకూపెస్" ఒక్కటే పట్టుకుని అందరితోనూ అదే అంటుంటారు. అది "నువ్వు కంగారు పడకు". పెద్దవారితో, కొత్తవారితో నో సె ప్రెఒకూపె అనాలి. కొలంబియాలో కొన్ని ప్రాంతాల్లో ఇంట్లోవారిని కూడా ఉస్తేద్ అనే పిలుస్తారు. తెలియనప్పుడు "మీరు" తో వెళ్తే ఎవరూ నొచ్చుకోరు. వంటింట్లో, గిడ్డంగిలో పనికొచ్చేవి కొన్ని: నో తోకె, ఎస్తా కల్యేంతె (ముట్టుకోకండి, వేడిగా ఉంది). నో లొ పోంగ అకీ (అది ఇక్కడ పెట్టకండి). నో అపాగె ల లూస్ (లైటు ఆర్పకండి). నో స్యేర్రె ల ప్వేర్త (తలుపు మూయకండి). భోజనం దగ్గర: నో మె సీర్బ మాస్, గ్రాస్యస్ (ఇంక వడ్డించకండి). మెక్సికోలో "నో సేఅస్ మాలొ" అంటే చెడ్డవాడివి కాకు అన్న మందలింపు ఒక్కటే కాదు, "కాస్త ఈ సాయం చెయ్యవూ" అని బతిమాలడం కూడా.

సాధన ఎలా చేశానంటే, చిన్న అట్టముక్క మీద ఒకవైపు "నేను" రూపం మాత్రమే రాశాను, మూలరూపం రాయలేదు. కళ్ళు మూలరూపాన్ని చూస్తే నోరు "నో పోనస్" లాంటి లేని మాటలు పుట్టిస్తుంది. వెనకవైపు నాలుగు వరుసలు: మీరు, నువ్వు, బహువచనం, "లొ" చేర్చిన "నువ్వు". పోంగొ వెనక నో పోంగ, నో పోంగస్, నో పోంగన్, నో లొ పోంగస్. రోజుకు పది ముక్కలు, అవి కూడా పైకి చదవాలి. కళ్ళతో చదివితే అ-ఎ తేడా నాలుకకు ఎక్కదు. వారం తర్వాత వాటినే కలిపేసి, ఎదుటివారి చేత "అవును" ఆజ్ఞ చెప్పించుకుని వద్దుగా తిప్పాలి: దాసెలొ అంటే నో సె లొ దేస్, స్యేంతతె అంటే నో తె స్యేంతెస్, బేతె అంటే నో తె బాయస్. మూడు సెకన్లలో రాకపోతే ఆ ముక్క పక్కకు పెట్టి మర్నాడు మళ్ళీ అడగాలి. నా పక్కకు పెట్టిన దొంతరలో ఎక్కువగా ఉన్నవి దేస్, ఎస్తేస్, బాయస్ లే. నిజానికి ఎక్కువగా వాడేవీ అవే.

రికార్డు చేసి వినడం కూడా అవసరం. తప్పు రూపం చెప్పినట్టు మనకు తెలియదు, మన చెవి మనం అనుకున్నదే వింటుంది. నా రికార్డులో "నో కోమస్", "నో కోమెస్" ఒకేలా వినబడ్డాయి. చివరి అచ్చును సాగదీసి, కోమ-స్, కోమె-స్ అని ఇరవైసార్లు విడదీసి పలికి, ఆ తర్వాత కలిపితే తేడా నిలిచింది.

చెప్పిన నిషేధాన్ని ఇంకొకరికి చేరవెయ్యాల్సి వస్తే రూపం మార్చనక్కర్లేదు. ఆమె "నో బేంగస్" అంటోందనుకుంటే, దీసె కె నో బేంగస్, రావద్దంటోంది. "అంటోంది" పోయి "అంది" అయితే మాత్రం బేంగస్ బదులు బిన్యేరస్ అనే మరో రూపం కావాలి. అది గతకాలపు సబ్జంక్టివ్, దానికి "నేను" రూపం పనికిరాదు, గతకాలంలో "వాళ్ళు" కు వచ్చే రూపం నుంచి మొదలుపెట్టాలి.